గొట్టం ఎక్కడిదాకా?

"పొట్టలోకి వేస్తామన్నారా? పనిచేయనిదే పొట్ట కదమ్మా!"

కొత్తపేటలో మేం చూపించుకున్న రెండో డాక్టరుగారు నా ఫైలంతా తిరగేసి అన్న మొదటి మాట అది. దానికి నాలుగు రోజుల ముందే ఇంకో ఆసుపత్రిలో పెగ్ గొట్టానికి తేదీ రాయించుకుని, అడ్వాన్సు కూడా కట్టి వచ్చాం. పెగ్ అంటే ఎండోస్కోపీ చేస్తూ పొట్టమీద చిన్న కన్నం పెట్టి, బయటినుంచి నేరుగా జీర్ణాశయంలోకి గొట్టం దించడం. 1980 నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి, మంచిదే. పక్షవాతం వచ్చి మింగలేనివాళ్ళకి ప్రాణం నిలబెడుతుంది. కానీ నేను మింగగలను. మింగింది కిందికి దిగదు, అదీ నా జబ్బు. నిండిపోయిన డ్రమ్ములోకి ఇంకో పంపు తిప్పితే ఏమవుతుందని ఐదో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. ఇరవై ఏళ్ళుగా బ్రాడీపేటలో పిల్లలకి లెక్కలు చెప్తున్నదాన్ని, నాకు మాత్రం తట్టలేదు. అడ్వాన్సు వెనక్కి రాలేదు, అది వేరే సంగతి.

నాకు పదిహేనో ఏట మొదటి రకం షుగరు వచ్చింది. ఇప్పుడు నలభై మూడు. ఇన్నేళ్ళ షుగరు కళ్ళకీ, కిడ్నీలకీ ఏం చేస్తుందో అందరూ చెప్పారు గానీ, పొట్టని నడిపించే వేగస్ నరాన్ని కూడా పాడుచేస్తుందని నాకెవరూ చెప్పలేదు. మామూలుగా పొట్ట నిమిషానికి మూడుసార్లు ముడుచుకుంటూ, అన్నాన్ని పిసికి కొంచెం కొంచెంగా పేగులోకి తోస్తుంది. నాది ఆ పని మానేసింది. దాని పేరు గ్యాస్ట్రోపెరిసిస్.

మొదట నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. తర్వాత వాంతులు. పొద్దున్న వాంతి చేసుకుంటే నిన్న రాత్రి తిన్న దొండకాయ ముక్క ముక్కలాగే కనిపించేది. అంతకన్నా భయపెట్టింది షుగరు. అన్నం ముందు ఇన్సులిన్ పొడుచుకుంటానా, అన్నం పొట్టలోనే కూర్చుంటుంది, మందు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. క్లాసులో బోర్డు దగ్గర నిలబడి చూస్తే 48. అర్ధరాత్రి ఆ అన్నం ఎప్పుడో కదిలితే 340. నేను తిండి నియమం పాటించడం లేదని ముందు చూసిన షుగరు డాక్టరు రెండుసార్లు కసిరారు. ఇంట్లో కూడా నమ్మినట్టే ఉన్నారు.

ఎండోస్కోపీకి పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్ళాను. లోపల అన్నం మెతుకులు కనిపించాయి. "ఏమ్మా, పొద్దున్నే తిని వచ్చారా?" అని టెక్నీషియన్ అడిగితే నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. అడ్డు మాత్రం ఏమీ లేదని తేలింది. అప్పుడు పొట్ట ఖాళీ అయ్యే వేగం కొలిచే స్కాన్ కోసం విజయవాడ పంపారు. అది కొంచెం రేడియోధార్మిక పదార్థం కలిపిన తిండి పెట్టి, నాలుగు గంటలపాటు మధ్యమధ్యలో కెమెరా కింద నిలబెట్టి, ఎంత మిగిలిందో చూసే పరీక్ష. విదేశాల్లో గుడ్డు పెడతారట, నాకు ఇడ్లీ పెట్టారు. చట్నీ లేని ఇడ్లీ తినడమే ఒక శిక్ష. నాలుగు గంటలకి పది శాతం కంటే ఎక్కువ మిగలకూడదు. నాకు 43 శాతం మిగిలింది.

తిరుగు ప్రయాణంలో మంగళగిరి దగ్గర మావారు కారు ఆపి కొండవైపు దణ్ణం పెట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది. పానకాల స్వామి నోట్లో పోసిన పానకంలో సగం పుచ్చుకుని సగం వెనక్కిస్తాడు కదా, నేనూ అంతేనన్నాను. ఆయన నవ్వలేదు. "నువ్వు ఎనిమిది కిలోలు తగ్గావు" అన్నారు. నిజానికి తొమ్మిది. ఏడు నెలల్లో 52 నుంచి 43కి వచ్చాను.

పొట్టని కదిలించే మందుల గురించి ఎక్కువ చెప్పను. డోంపెరిడోన్ వాడాను. మెటోక్లోప్రమైడ్‌తో కాళ్ళు ఒకచోట నిలవక రాత్రంతా వరండాలో తిరిగాను, ఆపేశారు. ఎరిత్రోమైసిన్ తక్కువ మోతాదులో ఇస్తే మూడు వారాలు అద్భుతంగా పనిచేసింది. ఆ మందుకి ఒళ్ళు అలవాటు పడిపోతుందట, నాలుగో వారానికి మళ్ళీ మొదటికొచ్చింది. పీచున్నవీ, నూనెవీ వద్దన్నారు. అంటే గోంగూర, తోటకూర, ములక్కాడ లేని గుంటూరు భోజనం. మెత్తగా పలచగా చేసినవి రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెంగా తాగాను. అవీ వెనక్కొచ్చాయి.

ఈలోగా బంధువులందరిదీ ఒకటే సలహా: "ఓ రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించుకోరాదూ, బలం వస్తుంది." నేనూ నీరసం తట్టుకోలేక మా వీధి ఆర్‌ఎంపీ దగ్గర ఎక్కించుకున్నాను. తర్వాత ఇంటికొచ్చి లెక్క వేశాను. అర లీటరు సీసాలో ఐదు శాతం గ్లూకోజు అంటే పాతిక గ్రాములు. వంద కేలరీలు కూడా రావు. రోజుకి కనీసం పన్నెండు వందలు కావలసిన మనిషికి అది ఏ మూలకి? పైగా నేను షుగరు మనిషిని. లెక్కల టీచరై ఉండి ఆ గుణకారం చేయడానికి రెండు నెలలు పట్టింది.

గొట్టం మాట మొదట వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ నోరు మెదపలేదు. తెనాలిలో మా తాతయ్యకి ఆఖరి పదిరోజులూ ముక్కులో రైల్స్ ట్యూబు ఉండేది. మా వైపు "పైపు వేశారు" అంటే అర్థం ఒకటే, బంధువులకి ఫోన్లు చేసుకోమని. అమ్మ ఆ మాట వినగానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. అత్తయ్య మాత్రం మొహంమీదే అడిగేసింది. "అదేందమ్మాయ్, గొట్టం ఏస్తే ఇంక నోటితో తినేదే లేదా? రేపు దాని పెళ్ళిలో పంక్తిలో ఎట్టా కూచుంటావ్?" 'అది' అంటే తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి! పెళ్ళి సంగతి దేవుడెరుగు, మర్నాటి టిఫిను సంగతే నాకు తెలియదు.

అత్తయ్యని ఏమీ అనలేను. నా భయమూ అదే. అన్నం తినడం మానేస్తే నేనింక ఈ ఇంటి మనిషినేనా అనిపించేది. అందుకే ఆరు నెలలు వాయిదా వేశాను. ఆరు నెలల్లో పది శాతం బరువు తగ్గితే ఇంక ఆలోచించాల్సిందేనని రెండో డాక్టరుగారు తర్వాత చెప్పారు. ఆ గీత నేను ఎప్పుడో దాటేశాను.

ఆయన ఆ రోజు ముప్పావు గంట కూర్చోబెట్టి మాట్లాడారు. అంతకుముందు ఎక్కడా ఏడు నిమిషాలు మించి దొరకలేదు కాబట్టి గుర్తుంది. ప్రిస్క్రిప్షన్ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. జీర్ణాశయం ఒక సంచి, దాని తర్వాత చిన్నపేగు. సంచి పడుకుంది సరే, పేగు మెలకువగా ఉందో లేదో ఎవరికీ తెలియదు. షుగరు కొందరిలో పేగునీ పాడుచేస్తుంది. అందుకని ముందు ముక్కులోంచి సన్న గొట్టం వేసి, పొట్ట దాటించి పేగులో దించి, కొన్ని వారాలు తిండి పోసి చూడాలి. దాన్ని ఎన్‌జే అంటారు. "ముందు అద్దెకుండి చూడండి. నప్పితే అప్పుడు ఇల్లు కొనచ్చు" అన్నారు. పేగు కూడా మొరాయిస్తే రక్తనాళంలోకే పోషకాలు ఎక్కించాలి, దాంట్లో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ, అది ఆఖరి మెట్టు అని కూడా దాచకుండా చెప్పారు.

నేనొకటే అడిగాను. "గొట్టం ఉంటే నోటితో తినకూడదా?"

"ఎవరన్నారు? సహించినంత తినండి. ఇప్పుడు బతకడానికి తింటూ వాంతి చేసుకుంటున్నారు. అప్పుడు రుచికి తింటారు."

బయటికొచ్చాక మావారు స్కూటర్ స్టార్ట్ చేయకుండా కాసేపు అలాగే కూర్చున్నారు. "అద్దెకుందాం" అన్నారు.

వెంటనే వేయలేదు. నెలల తరబడి పస్తున్న ఒంట్లోకి ఒక్కసారి తిండి పోస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పట. ఇది మాకెవరికీ తెలియని సంగతి. ఆకలితో ఉన్నవాడికి కడుపునిండా పెట్టడం పుణ్యమనే కదా మనకి తెలుసు! ముందు విటమిన్ బి1 ఇంజక్షన్లు ఇచ్చారు, రక్తపరీక్షలు చేశారు. తర్వాత ఎండోస్కోపీతో గొట్టం దించి, రంగు మందు పోసి ఎక్స్‌రే తీసి, చివర పేగులోనే ఉందని చూసుకున్నారు. పోషకాల పొడిని నీళ్ళలో కలిపి పోస్తారు, దాన్ని ఫీడు అంటారు. గంటకి 20 మిల్లీలీటర్లతో మొదలు. రెండో రోజు ఫాస్ఫేటు తగ్గింది, అది సరిచేసేదాకా రెండు రోజులు ఇరవై దగ్గరే ఆపేశారు. తర్వాత రోజుకి పదేసి పెంచుకుంటూ అరవైకి తెచ్చారు. గంటకి అరవై చొప్పున ఇరవై గంటలు, మిల్లీలీటరుకి ఒక కేలరీ. పన్నెండు వందలు. ఆ లెక్క కుదిరిన రోజు నేను ఆసుపత్రి మంచం మీద ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ముక్కులో గొట్టం సుఖంగా ఉంటుందని చెప్పను. మొదటి మూడు రోజులు గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టే. ఉమ్ము మింగినా తగిలేది. అద్దంలో చూసుకుంటే తాతయ్య కనిపించేవాడు. మావారు మిర్చి యార్డులో గుమస్తా. మార్చిలో యార్డు నిండా సరుకు, ఆయన చొక్కా నిండా ఘాటు. ఇంట్లోకి అడుగుపెట్టగానే నాకు తుమ్ములు, దగ్గు, ఆ కుదుపుకి గొట్టం కదిలేది. పెరట్లోనే బట్టలు మార్చుకుని, స్నానం చేసి లోపలికి రావడం అలవాటు చేసుకున్నారు. అయినా తొమ్మిదో రోజు గట్టిగా వాంతయ్యి గొట్టం పైకి వచ్చేసింది. కొస నోట్లో తగిలింది. మళ్ళీ ఎండోస్కోపీ, మళ్ళీ ఎక్స్‌రే, మళ్ళీ బిల్లు.

రెండోసారి పోయింది అమ్మ ప్రేమ వల్ల. ఆ పొడి పాలలో ఏముంటుందని, పలచగా రాగి జావ కాచి, తెల్లగుడ్డలో రెండుసార్లు వడకట్టి, నేను నిద్రపోతుండగా సిరంజితో పోసింది. అరగంటలో గొట్టం పూడుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళు సిరంజిలో పెట్టి ముందుకీ వెనక్కీ ఆడించమన్నారు. గంటసేపు ఆడించాం, కదల్లేదు. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని కళ్ళొత్తుకుంటుంటే తిట్టడానికి నాకు నోరు రాలేదు. పేగులోకి వెళ్ళే గొట్టం సన్నం, దాంట్లోకి ఇంటి వంట పోయకూడదు. పొట్టలో ఉండే ఆమ్లం క్రిముల్ని కొంత చంపుతుంది, ఇక్కడ ఆ కాపలా కూడా లేదు. ఇది ఆసుపత్రిలో నాకు చెప్పారు, అమ్మకి చెప్పలేదు. ఇంట్లో వంట చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి, నా మాట విని.

మాత్రలది ఇంకో గోల. పొడి చేసి, విడివిడిగా నీళ్ళలో కలిపి పోయాలి, ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్ళు. పేరు చివర ఎస్‌ఆర్ అని ఉన్నవి నలగ్గొట్టకూడదు, రోజంతా మెల్లగా విడుదల కావలసిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. కలిపిన ఫీడు సంచిలో నాలుగు గంటలు మించి ఉంచకూడదు, గుంటూరు ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పదకొండుకోసారి, మూడుకోసారి మావారు లేచి కొత్తది కలిపేవారు. మొదట పంపు లేదు. దోమతెర కర్రకి సంచి వేలాడదీసి, చుక్కలు లెక్కపెట్టేవాళ్ళం. పక్కకి తిరిగితే చుక్కల వేగం మారిపోయేది. పేగుకి పొట్టలాగా దాచుకునే చోటు లేదు, ఒక్కసారిగా ఎక్కువ పడితే కడుపు మెలిపెట్టి విరేచనాలు. వారానికే పంపు అద్దెకి తెచ్చుకున్నాం.

ఒక రాత్రి ఆ పంపే ఆగిపోయింది. గొట్టం నా నడుం కింద మడతపడింది. పంపు మోగింది గానీ కూలర్ హోరులో వినపడలేదు. ఇన్సులిన్ ఒంట్లో ఉంది, తిండి ఆగిపోయింది. చెమటలు పట్టి లేచేసరికి 51. మా అమ్మాయి గ్లూకోజు నీళ్ళు గొట్టంలోంచే పోసింది. నోట్లో పోసుకుంటే పొట్టలో కూర్చునేవి, ఇవి పేగులోకే పోయాయి కాబట్టి కాసేపటికే తేరుకున్నాను. ఆ రోజునుంచి పంపు నా చెవి పక్కనే ఉంటుంది. ఫీడు నడిచే గంటలకి సరిపడేట్టు ఇన్సులిన్‌ని కూడా చిన్న మోతాదులుగా విడగొట్టారు.

ఇన్ని తిప్పల తర్వాత కూడా ఐదు వారాలకి లెక్క చూస్తే రెండు కిలోలు పెరిగాను. షుగరు 140కీ 200కీ మధ్య తిరుగుతోంది, నాకది పండగే. వాంతులు పూర్తిగా పోలేదు, రోజుకి నాలుగైదు కాస్తా వారానికి రెండు మూడుకి వచ్చాయి. పేగు మెలకువగానే ఉంది.

అప్పుడు అసలు నిర్ణయం. శాశ్వతంగా వేయించుకునే గొట్టానికి రెండు దారులు. మొదటిది పెగ్‌లోంచే ఇంకో సన్న గొట్టం పొట్ట దాటించి పేగులోకి తోయడం. పొట్టలో నిండిన గాలి, నీరు బయటికి తీసేయడానికి కూడా పనికొస్తుంది, ఆపరేషన్ అక్కర్లేదు. కానీ వాంతులున్నవాళ్ళకి ఆ లోపలి గొట్టం తిరిగి పొట్టలోకి వచ్చేస్తూ ఉంటుంది. రెండోది ల్యాప్రోస్కోపీతో పేగుకే నేరుగా గొట్టం కుట్టడం, ఆసుపత్రిలో ఎఫ్‌జే అంటారు. మత్తు ఇవ్వాలి, కోతలుంటాయి, కానీ నిలకడ ఎక్కువ. ముక్కు గొట్టం ఒకసారి నోట్లోకి వచ్చిన మనిషిని నేను. ఎఫ్‌జే అన్నాను. మావారు సగం మనసుతో సరేనన్నారు. ఆపరేషన్ అంటే ఆయనకి భయం, నాకు మళ్ళీ మళ్ళీ ఎండోస్కోపీ అంటే భయం. ఒళ్ళు నాది కాబట్టి నా భయమే గెలిచింది.

ఆపరేషన్ ముందురోజు సర్జన్ పొట్టమీద పెన్నుతో గుర్తు పెట్టడానికి వచ్చారు. పడుకోబెట్టి పెట్టబోతుంటే ఆగమన్నాను. చీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని, అప్పుడు పెట్టించుకున్నాను. లంగా బొందు ఎక్కడ పడుతుందో, కుచ్చిళ్ళు ఎక్కడ దోపుతామో ఆయనకేం తెలుస్తుంది? ముందు అనుకున్నచోట పెట్టి ఉంటే బొందు సరిగ్గా గొట్టం మీద పడేది. రెండంగుళాలు పైకి జరిపారు. ఆ కుర్చీ ఆలోచన నాకు ఒక నర్సమ్మ ఇచ్చింది. ఆవిడకి రుణపడి ఉన్నాను.

వేసవి సెలవుల్లో అయిపోయింది. కన్నం చుట్టూ ఎర్రగా కండ పెరిగితే సిల్వర్ నైట్రేట్ పుల్లతో తాకించి తగ్గించారు. అప్పుడప్పుడు చెమ్మ ఊరుతుంది, మెత్తని గుడ్డ మడిచి పెట్టుకుంటాను. ఫీడు పొడికి నా జీతంలో సగం పోతోంది. దీనికి మాత్రం నేనింకా అలవాటు పడలేదు, ప్రతి నెలా బిల్లు చూసి కడుపు మండుతుంది.

జూన్‌లో బడి తెరిచేసరికి రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా, గంటకి తొంభై చొప్పున ఎక్కించుకోవడానికి అలవాటుపడ్డాను. ఏడింటికి నీళ్ళతో కడిగి, మూత పెట్టి, పైన చీర. పిల్లలకి తెలియదు. స్టాఫ్ రూములో తెలుసు. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పినప్పుడు నేను మజ్జిగ గ్లాసుతో కూర్చుంటాను, వేలికొసకి కొంచెం ఆవకాయ గుజ్జు అంటించుకుని. మొదట్లో జాలిగా చూసేవాళ్ళు. ఇప్పుడు ఎవరింటి ఆవకాయలో ఆవ ఎక్కువైందో తేల్చమని నా దగ్గరికే తెస్తున్నారు.

పొట్ట కింది ద్వారం దగ్గర కండరాన్ని ఎండోస్కోపీతోనే కోసి వదులు చేసే జీ-పోయెమ్ అనే పద్ధతి ఉందనీ, హైదరాబాదులో చేస్తున్నారనీ, నాకు పనికొస్తుందో లేదో అక్కడికెళ్ళి చూపించుకోమనీ డాక్టరుగారు మొన్న అన్నారు. అందరికీ గుణం ఇవ్వదని కూడా అన్నారు. మావారు రైలు టికెట్లు చూస్తున్నారు. నేను దసరా దాకా ఆగమన్నాను. పదో తరగతికి త్రికోణమితి ఇంకా మొదలుపెట్టలేదు.